బెల్టుకు మూడు కొత్త చిల్లులు

కెనడాలో, మా కేప్ బ్రెటన్ దీవి రేవులో డాక్టరు లేక నాలుగేళ్లయింది. ముసలి డాక్టరుగారు రిటైరయ్యాక డాక్టరు కావాలని సర్కారు జాబితాలో పేర్లు రాయించుకుని ఫోను కోసం కాచుక్కూర్చున్నాం. మార్చిలో మోగింది. కొత్త డాక్టరమ్మ మర్డీనా మెక్‌ఆస్కిల్ నన్నూ, మా ఆయన లాకీనీ ఒకసారి వచ్చి కలవమంది.

చర్చి హాల్లో పేకాట దగ్గర అప్పటికే ఒక మాట తిరుగుతోంది. ఎవరిని చేర్చుకోవాలో ఆ మొదటిసారే తేల్చేస్తారట, రోగాల పుట్టల్ని తీసుకోరట. నేను నమ్మాను. నా బుద్ధి గడ్డి తిన్నది! చలికాలమంతా లాకీ చిక్కిపోతున్నాడు. చేతులు వణుకుతున్నాయి, మంచులో నిలబడి చెమటలు కక్కుతున్నాడు. క్యాన్సరేనని నా భయం. అయినా డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరే పొద్దున ఓట్స్ జావ ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పింది నేనే.

"ఏమడిగినా బాగున్నానను. పేర్లు రాసుకున్నాక అసలు సంగతి చెబుదాం."

"గుర్రాన్ని అమ్మేటప్పుడు చెప్పినట్టా?"

"నీ మొహం! చొక్కా మార్చుకో."

డాక్టరమ్మ గదిలో గోడమీద డిగ్రీల పటాలున్నాయి. హాలిఫాక్స్‌లో వైద్యం చదువు, ఆపైన కుటుంబ వైద్యంలో రెండేళ్ల శిక్షణ. లాబ్రడార్ తీరంలో చిన్న విమానాల్లో తిరుగుతూ తొమ్మిదేళ్లు పనిచేసిందని కింద రాసుంది. లాకీ వాటి వంకే చూడలేదు.

"ఎవరమ్మాయివి నువ్వు?"

"రోడ్డీ జాన్ కూతుర్ని. అవతలి రేవు, ఆకుపచ్చ పడవ."

"అట్లా చెప్పు మరి!" అన్నాడు లాకీ. ఆయనకు అంతకు మించిన డిగ్రీ అక్కర్లేదు.

తన పద్ధతి చెప్పిందామె. "సోమవారం నుంచి గురువారం దాకా ఇక్కడుంటాను. శుక్రవారం మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు నేనే వెళ్తాను. పసిబిడ్డలైనా తొంభై ఏళ్లవాళ్లైనా నాకొకటే. సరే, లాకీ గారూ, ఒంట్లో ఎలా ఉంది?"

"గుండ్రాయిలా ఉన్నాను."

ఆమె చూపు ఆయన నడుం మీద ఆగింది. "ఆ బెల్టుకు కొత్త చిల్లులెన్ని?"

లాకీ నా వంక చూశాడు.

"మా నాన్నా ఇలాగే బెల్టుకు మేకుతో చిల్లులు పొడుచుకున్నాడు," అందామె. "లాబ్‌స్టర్ రొయ్యల వేట సీజను అయ్యాక చూపించుకుంటానన్నాడు. అప్పటికి చేయి దాటిపోయింది."

ఇక నా వల్ల కాలేదు. "మూడు! మూడు చిల్లులు! నేనే చెప్పొద్దన్నాను తల్లీ, మమ్మల్ని పంపించెయ్యకు!" అని బావురుమన్నాను.

"పంపించెయ్యడమేంటి? మీ పేర్లు పొద్దున్నే రాసేసుకున్నాను. మీ వంతు వచ్చింది, అంతే. జబ్బు లేనివాళ్లే కావాలంటే ఈ పని నాకెందుకు?"

ఆయన మెడ తడిమింది, నాడి పట్టి చూసింది, రక్తం తీయించింది. తర్వాత ఎనిమిది రోజులు నేను పేకాటకు వెళ్లలేదు. తొమ్మిదోనాడు మళ్లీ పిలిచింది.

"క్యాన్సర్ కాదు. థైరాయిడ్ గ్రంథి మరీ ఎక్కువగా పనిచేస్తోంది. మాత్రలతో దారికొస్తుంది."

"మేలో వేటకు సముద్రం మీదికి పోవచ్చా?" అన్నాడు లాకీ.

"మాత్రలు మానకుండా వేసుకుంటే, చూద్దాం."

హమ్మయ్య! కుర్చీలో కూలబడ్డాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇప్పుడు మీ వంతు, ఎఫీ గారూ. మీరేం దాస్తున్నారు?"

"నాకేం, నేను గుండ్రాయిలా..." అనబోయాను. ఆమె నా పేరున కొత్త కాగితం తీసి కలం పట్టుకుంది. చివరికి సంచీలోంచి మాత్రల సీసా తీసి బల్లమీద పెట్టాను. ఊళ్లో రాసిచ్చే డాక్టరు లేక, నిరుడు పట్నం ఆసుపత్రిలో రాయించుకున్నవి అయిపోతాయన్న భయంతో, బీపీ మాత్రల్ని కూరగాయల కత్తితో సగానికి కోసి వేసుకుంటున్నాను.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు లాకీ.

"ఏడాదిగా."

"నాకు పాఠాలు చెప్పావే!" అని కళ్లెర్రజేశాడు. కానీ ఆ వణికే చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి చేరేదాకా వదల్లేదు, బండి కూడా ఒంటి చేత్తోనే నడిపాడు.