సెగగడ్డకు మేక నెత్తురు వైద్యం

చెవులు కుట్టేటప్పుడు పిల్ల ఏడవడం లోకసహజం. పిల్లను ఒడిలో పెట్టుకున్న మామ ఏడవడం మాత్రం తమిళనాట మా ధర్మపురి చరిత్రలో మా ఇంట్లోనే జరిగింది. ఆ మామను నేనే. పింఛను పుచ్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో నాకు నా తెలివిమీద మహా నమ్మకం ఉండేది.

మా వైపు చెవులు కుట్టాలంటే మేనమామ ఒడి కావాలి. నా మేనకోడలు సుమతికి అన్నదమ్ములు లేరు. కనుక దాని కూతురికి ఆ ఒడి నాదేనని పెద్దలు తేల్చారు. ముహూర్తం కుదిరింది. చెవులు కుట్టే కారిమంగళం ఆచారికి కబురు వెళ్లింది. సరిగ్గా అప్పుడే నా కుడి తొడమీద సెగగడ్డ లేచింది.

"ఆసుపత్రికి పోండి," అంది నా భార్య రాజమ్మ.

నేను పోలేదు. మెడికల్ కాలేజీలో క్రిముల శాస్త్రం చదువుతున్న సుమతి ఆ పూట మా ఇంట్లోనే పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"ఏం చదువుతా ఉండావమ్మా?"

"హీమ్ గురించి మామా. నెత్తురు ఎర్రగా ఉండేది దాంతోనే. దాంట్లో ఉండే ఇనుము కోసం క్రిములు ఎగబడతాయి. హీమ్ ఎక్కువైతే మాత్రం వాటికే విషం. అయితే..."

లోపల పిల్ల ఏడ్చింది. సుమతి లేచి పోయింది. ఆ 'అయితే' తర్వాతి మాట కోసం నేను ఆగి ఉంటే మీకు ఇప్పుడు చదవడానికి ఏమీ ఉండేది కాదు. నెత్తురు క్రిములకు విషం! మాంసం అంగట్లో మేక నెత్తురు గిన్నెడు దొరుకుతుంది. ఇంకేం కావాలి?

ముప్పై ఏళ్లు లెక్కల వాద్యారుగా ఉన్నవాణ్ణి. ఏ పనైనా మెట్టుమెట్టుగా చేయడం నా అలవాటు. మొదటి రోజు ఆవగింజంత పూశాను. మరునాడు కందిగింజంత, ఆపైన చింతగింజంత. నిదానమే ప్రధానం అన్నారు కదా! ఆ సామెత గడ్డకూ తెలుసు కాబోలు, అదీ నిదానంగా ఉసిరికాయై, నిమ్మకాయైంది. డైరీలో మాత్రం 'పరిస్థితి ఆశాజనకం' అని రోజూ రాసుకున్నాను. వీధిలోని పిల్లులన్నీ నా వెనక భక్తిగా నడవసాగాయి.

ఒకరోజు రాజమ్మ పిలిచింది.

"ఏమండీ, ఫ్రిజ్‌లో రత్తం దాచిపెట్టినారే? అడిగింటే పొరియల్ చేసియ్యనా?"

"అయ్యో, అది మందు రాజమ్మా!"

"అట్లనా? ఉల్లిగడ్డ, టెంకాయ వేసి వేయించేసినాను. మందు బాగుండాది, తినండి."

తిన్నాను. లోపలినుంచి కూడా వైద్యం జరగనీ అనుకున్నాను. మళ్లీ అంగడికి పోయి ఇంకో గిన్నెడు తెచ్చుకున్నాను.

వేడుక రోజు వచ్చింది. కట్టు కట్టి, పైన కొత్త పంచె కట్టి, పీటమీద కూర్చున్నాను. బొద్దుగా ఉన్న పిల్లను తెచ్చి కుడి తొడమీద దించారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. సెగగడ్డ మీద మేనకోడలి కూతురు అనాలి. నేను పెట్టిన కేకకు మేళం ఆగిపోయింది.

ఆచారి సూది పట్టుకుని బిత్తరపోయాడు. "ఏం సార్, నేనింకా కుట్టనే లేదే!"

పిల్ల నోట్లో అరటిపండు పెట్టుకుని నావైపు జాలిగా చూసింది.

సుమతి నన్ను గదిలోకి లాక్కెళ్లి కట్టు విప్పింది. ముక్కు మూసుకుంది.

"ఏం పూసినావు మామా?"

"నువ్వు చెప్పిందే. మేక నెత్తురు. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటా వచ్చినాను."

సుమతి తల పట్టుకుంది. "అయితే అన్నాను కదా, మిగిలింది వినద్దా? మొదట కొంచెం హీమ్ తగిలితే క్రిములు జాగ్రత్తపడతాయి. లోపలికొచ్చిందాన్ని బయటికి తోడే మోటార్లు పెట్టుకుంటాయి. ఆ మీదట ఎక్కువ పోసినా తట్టుకుంటాయి. వాటికి బాయిలో ఈత నేర్పించి, ఆనక కావేరిలో తోసినావు మామా!"

"మరి ఒకేసారి గిన్నెడు పోసింటే?"

"నెత్తురంటే ఒట్టి హీమేనా? పుండుమీద పోస్తే వాటికి విందు! దీనికి కూడా లెక్కనా?"

వాకిట్లోంచి రాజమ్మ అందుకుంది. "బడిలో ఎంతమంది పిల్లకాయలు ఫెయిలైనారో! తొడమీద చదివినవి మాత్రం అన్నీ పాస్."

ముహూర్తం దాటిపోతోంది. వేరే మామ లేడు. ఓడిపోయిన మల్లుడిలా ఒక పక్కకు ఒరిగి, పిల్లను ఎడమ తొడమీద పెట్టుకున్నాను. రెండు చెవులూ కుట్టేశారు. పిల్ల ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. నన్ను మాత్రం అటునుంచి అటే ఆసుపత్రికి తోలారు. గడ్డ కోశారు, మాత్రలిచ్చారు. వాటిని మెట్టుమెట్టుగా కాకుండా, డాక్టరు చెప్పినట్టే చివరిదాకా మింగాను.

సుమతికి రేపు ఇంకో బిడ్డ పుడితే మళ్లీ ఈ ఒడే గతి. అందుచేత సకల బంధువుల ఎదుట, ఇంటిదేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా రెండు తొడలూ ఖాళీగా ఉంచుతాను, ఏ క్రిమికీ అద్దెకివ్వను.