జీబ్రా గీతల చావుబోర్డు

అబొఫోసో ఊళ్లో పోయినవాళ్ల బొమ్మా కబురూ రాసి నిలబెట్టే చావుబోర్డు మీద పేరెక్కితే వెళ్లి తీరాల్సిందే. ‘దుఃఖించువారు’ అన్న వరసలో పేరున్నవాడు కాలు విరిగినా, మొహం చెల్లకపోయినా, ఎరుపూ నలుపూ బట్టకట్టి రావాలి. బతికుండగా పలకరించనివాణ్ణి ఊరు క్షమిస్తుంది గాని, చావుకి రానివాణ్ణి క్షమించదు. ఈ ధర్మమే ఒబిరికి ముప్పై ఒక్కేళ్లుగా ఫుఫు ముద్ద పెట్టింది.

ఒబిరి చావుబోర్డులు రాసే పెయింటరు. ఊరంతటికీ మామ. పోయినవాళ్లని బతికున్నప్పటికంటే కళగా వేస్తాడని పేరు. ఒక ముసలావిడకి ఊడిన పళ్లన్నీ మళ్లీ మొలిపిస్తే, కొడుకులు గుర్తుపట్టలేక పక్క వీధి చావుకి వెళ్లి కూచున్నారు. అయితేనేం, ఆయన రాసిన పేరుగల మనిషి రాకపోవడమన్నది ఎన్నడూ లేదు.

ఆ గర్వంలో ఒక ముల్లుంది. ఏడు నెలల కిందట బడి దగ్గర కుమాసి రోడ్డు మీద జీబ్రా గీతలు వేసిందీ ఆయనే. జిల్లా రోడ్లు చూసే లార్బీ ఇంజనీరు వేలు చూపించిన చోట వేశాడు. అది పిల్లలు దాటే, మొక్కజొన్న ముద్దలమ్మే కెంకే కొట్టు దగ్గర కాదు, వంద గజాల అవతల, దాటినవాణ్ణి తిన్నగా మురుక్కాలవలో దించే చోట. అదీ ఇంట్లో మిగిలిపోయిన గోడ రంగుతో. తొలకరికే కొట్టుకుపోయాయి. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఒకరోజు పదహారేళ్ల పొకువా, బడిలో బొమ్మలు వేసే పిల్లల నాయకురాలు, నలిగి అప్పడమైన చెప్పొకటి పట్టుకొచ్చింది. తమ్ముడిది. కలప లారీ కింద పడింది చెప్పు మాత్రమే, అదృష్టం. కొత్త గీతలు ఎక్కడ వెయ్యాలో వచ్చే నెలాఖరున జిల్లా సభ తేలుస్తుంది. అందులో మమ్మల్నీ కూచోబెట్టండని పిల్లలు మూడు అర్జీలు పెట్టారు. ఎవరెక్కడ దాటుతున్నారో బొమ్మలు గీసి ఇచ్చారు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయని మెచ్చుకుని, పిల్లలకి చోటు లేదని తిప్పి పంపారు.

“మామా, ఒక చావుబోర్డు రాసిపెట్టు.”

“ఎవరు పోయారే?”

“జీబ్రా గీతలు. ఏడు నెలల పసికందు.”

మామ పడీ పడీ నవ్వాడు. దుఃఖించువారి జాబితా చదివేసరికి నవ్వు ఆగింది. జిల్లా సభ అధ్యక్షుడు, లార్బీ ఇంజనీరు.

“వీళ్లు రాకపోతే నా పేరు ఆ మురుక్కాలవలోనే పడుద్దే పిల్లా.”

“వస్తే?”

వస్తే ఇంకా కష్టం, ఎలా పోయిందని అడుగుతారు. ఆ మాట మింగేసి కుంచె తీశాడు.

శనివారం బడి ముందు కుర్చీలు వేశారు, బొమ్మలు వరసగా కట్టారు, డప్పుల వాళ్లొచ్చారు. తొమ్మిదైంది, పదైంది. ఊరంతా వచ్చింది గాని, ముందువరసలో రెండు కుర్చీలు ఖాళీ. మామ తన వేళ్లకంటిన రంగు గోక్కుంటూ కూచున్నాడు.

పదిన్నరకి లార్బీ వచ్చాడు, నల్లబట్టలో, భార్య వెనకాల. చావుకి రాని మొగుడితో కాపురం చెయ్యనని ఆవిడ సంతలో బోర్డు చూసిననాడే తేల్చి చెప్పిందట. వెనకే అధ్యక్షుడి కారు. పోయినవాళ్లు మనకేమవుతారని ఆయన గేటు దగ్గర గుసగుసగా కనుక్కున్నాడు.

వచ్చినవాళ్లకి నీళ్లిచ్చి, వచ్చిన పని అడగడం ఆనవాయితీ. లార్బీ లేచి, గీతల్ని... గీతలవారిని పలకరించడానికి వచ్చామన్నాడు. ఆ ఊపులో అలవాటుకొద్దీ, “ఎలా పోయారు?” అనేసి నాలిక్కరుచుకున్నాడు. అడిగాక కుటుంబం చెప్పేది పూర్తయ్యేదాకా లేవకూడదు మరి.

పొకువా అరగంట చెప్పింది. ఒక్కో బొమ్మ ముందూ నిలబడి, ఎవరెక్కడ దాటుతారో, లారీ ఎక్కడ మలుపు తిరుగుతుందో. అన్ని బొమ్మల్లోనూ అడుగులు కెంకే కొట్టుకే పోతున్నాయి.

“సరే, చోటు తప్పు. మరి అంత తొందరగా ఎందుకు చెరిగిపోయాయి?” అన్నాడు అధ్యక్షుడు.

లార్బీ వానమీదికి తోశాడు. వానకి నోరు లేదు కనక అక్కడితో సరిపోయేదే. మామ లేచాడు.

“చోటు ఇంజనీరుగారిది, రంగు నాది. గోడ రంగేశాను. పసికందుకి పాల బదులు కుడితి పట్టానండి.”

అంతలో కెంకే అమ్మే ఆవిడ శోకం అందుకుంది, మధ్యమధ్య నవ్వాపుకోలేక.

అధ్యక్షుడు సంతాపం చెప్పి లేవబోతే, పొకువా ఇంకో బోర్డు మీది గుడ్డ తీసింది. నలభయ్యో రోజు కార్యం, జిల్లా సభ భవనంలో, ఉదయం పదింటికి. కుటుంబం: పొకువా, పన్నెండుమంది పిల్లలు. దుఃఖించువారు: పాతవారే.

“ఆ రోజు మాకు రోడ్ల సమావేశం ఉందే!”

“అందుకేనండి, మేమే అక్కడికి వస్తున్నాం.”

“కార్యానికి కుటుంబాన్ని రావద్దంటారేంటి?” అంది లార్బీ భార్య, మూడొందలమందికీ వినబడేలా.

అధ్యక్షుడు చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఎర్రబట్టలే. “రండి. కుర్చీలు వేయిస్తాను,” అన్నాడు.

కుర్చీలు వేశారు, పిల్లలు చెప్పిన చోటే ఖాయమైంది. కెంకే కొట్టు ముందు గీతలు వేసే పని మళ్లీ మామకే వచ్చింది. పొకువా పక్కనే కూచుని ఒక్కో రంగు డబ్బా మీది చీటీ చదువుతోంది.

“నామీద నమ్మకం లేదా?”

“ఉంది మామా. మూత తియ్యి.”