సుంకప్ప పిలక

ఆలూరు దోవలో వంక దాటగానే, సుంకప్ప చేని గట్టు మీద పదకొండు జమ్మిచెట్లు ఉండేవి. ఆ దోవన పోయేవాళ్లు వాటిని చూసి నవ్వకుండా పోయేవాళ్లు కాదు. ఒంటి మీది మండలన్నీ కొట్టేసి, నెత్తిన మాత్రం గొడుగంత కొమ్మ వదిలిపెట్టి ఉండేవి మరి. "సుంకప్ప చెట్లకు గూడా పిలకలు పెట్టి ఒడుగు చేసినాడప్పా" అని దేవేంద్రప్ప ఊరంతా చెప్పి నవ్వించేవాడు. ఆ దేవేంద్రప్పదీ గొర్ల మందే. ఇద్దరి దొడ్లకూ నడుమ ఒక్క కంచే అడ్డం. రోజూ కలిసి మేపుకొచ్చేవాళ్లు, రోజూ పోట్లాడుకునేవాళ్లు.

సుంకప్ప నెత్తిన కూడా అట్లాంటి పిలకే ఉండేది. ఊళ్లో సగం మంది క్రాపుల్లోకి దిగిపోయినా ఆయన దిగలేదు. చెట్ల పిలకలూ, తన పిలకా వాళ్ల నాయన పెట్టినవే. "మండ కొట్టుకో, గొర్రెకెయ్యి. పిలక జోలికి మాత్రం పోవద్దు. అది ఉంటేనే చెట్టుకు మళ్లా బతకాలని బుద్ధి పుడతాది" అని ముసలాయన చెప్పి పోయాడు. సుంకప్పకు చదువు రాదు గానీ ఈ ఒక్క మాటా కంఠతా వచ్చు.

ఎంత బాగుండేవి ఆ ఎండాకాలాలు! బయట గడ్డిపరక ఉండేది కాదు. పొద్దున్నే సుంకప్ప దోటి భుజానేసుకుని గట్టెక్కేవాడు. దోటంటే పొడుగాటి వెదురు కర్ర, దాని కొసకు కట్టిన కొడవలి. పైనుంచి మండ తెగి కింద పడిన చప్పుడుకే మందంతా పరుగెత్తుకొచ్చేది. ముల్లు తప్పించి లేతాకు నమిలే ఆ నోళ్ల చప్పుడు వింటూ ఆయన గట్టు మీద కూర్చుని రాగిసంగటి తినేవాడు. "మేకకేమి, చెట్టుకు కాళ్లానించి దాని కూడు అదే తింటాది. గొర్రె పిచ్చిది. వంచిన తల ఎత్తదు. దానికి మనమే దించి పెట్టాల" అనేవాడు. తన కన్నా గొప్ప కొలువు కలెక్టరుకు కూడా లేదన్నంత ధీమా ఆ మాటలో ఉండేది.

ఆంధ్ర రాష్ట్రం రాకముందు ఏడు, సర్కారువాళ్లు ఊరూరా గంజి పోసిన ఏడు, వరసగా రెండో కరువు పడింది. అరవై గొర్రెలు ఇరవై మూడయినాయి. అవన్నీ ఆయన భార్య గిడ్డమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన బొల్లి గొర్రె సంతానమే. వేపా, తుమ్మా, రేగూ అన్నీ మోళ్లయినాయి. జమ్మిచెట్లకు పిలకలు తప్ప ఆకు లేదు.

భరణి కార్తెలో ఒక్క వాన కురిసింది. గిడ్డమ్మ వాకిట్లో తడుస్తూ నిలబడి ఏడ్చింది. అయిదో నాటికి చేలల్లో ఎండిన జొన్న మోళ్లన్నీ పచ్చటి పిలకలు వేశాయి. ఆ వాసనకు గొర్రెలు దొడ్లో నిలవడం లేదు.

దేవేంద్రప్ప తన దొడ్డి తడిక తీశాడు. సుంకప్ప పరుగున పోయి అడ్డం పడ్డాడు.

"వద్దప్పా! మాడిన జొన్న పిలకలో నాము విషం ఉంటాది. ఆకలి కడుపున తింటే మేత నోట్లో ఉండంగనే పడిపోతాయి."

"రెండేండ్లు పుల్లలు నాకినాయి. దేవుడు పచ్చన ఇస్తే నువ్వు వద్దంటాండావా? పో, పోయి నీ చెట్లకు సంధ్య వార్చు పో" అంటూ దేవేంద్రప్ప మంద తోలుకుపోయాడు.

గిడ్డమ్మ కంచె పట్టుకుని నిలబడింది. "వంక గట్టున గరిక లేసేకి ఇంకా పదిదినాలన్నా పడతాది. అన్ని దినాలూ ఏం పెడతావయ్యా వీటికి?"

సుంకప్ప చెట్ల వైపు చూశాడు.

"నేనూ వాటినే చూస్తాండా" అందామె. "మీ నాయన మాట నాకు తెలీదా? ఆయప్ప ఈ కరువు చూళ్లేదు."

పొద్దు గూట్లో పడకముందే దేవేంద్రప్ప కేక వినిపించింది. సుంకప్ప విరుగుడుకని కలిపిపెట్టిన చింతపండు నీళ్ల కుండ ఎత్తుకుని ఉరికాడు. పడినవాటి నోళ్లు తెరిచి ఇద్దరూ పోశారు. కొన్ని లేచాయి. తొమ్మిది లేవలేదు. నురగ కక్కిన గొర్రె తల ఒళ్లో పెట్టుకుని దేవేంద్రప్ప "సెప్పినావప్పా, సెప్పినావు" అని అదే మాట అంటూ కూర్చున్నాడు.

తెల్లారి సుంకప్ప మొదటి జమ్మి ఎక్కాడు. పిలకకు దోటి అందదు, మనిషే ఎక్కాలి. ముళ్లకు చేతులు చీరుకుపోయాయి. కొడవలి ఆనించి, "నాయనా, ఈ ఒక్క ఏడు" అన్నాడు. చెట్టుతో అన్నాడో, చచ్చిపోయిన తండ్రితో అన్నాడో ఆయనకే తెలియదు. రోజుకొక చెట్టు. ప్రాణం నిలిచేటంత ఆకు తన ఇరవై మూడింటికీ వేసి, మిగిలింది కంచె మీదుగా దేవేంద్రప్ప గొర్రెలకు వేశాడు. పదకొండో చెట్టు కొట్టిన మర్నాడు వంక గట్టున గరిక పచ్చబడింది. మందలో ఒక్కటి కూడా తగ్గలేదు.

ఆ రోజే మంగలి నాగన్నను పిలిచి, "పిలక తీసెయ్" అన్నాడు.

నాగన్న చేతిలో కత్తి ఆగిపోయింది. "ఎవరు పోయినారప్పా?"

"ఎవురూ పోలేదు. తియ్యి."

ఆ వెంట్రుకలు గట్టు మీద పూడ్చి వచ్చాడు. "తిరపతికి పోయొచ్చినావా?" అని అడిగినవాళ్లందరికీ అవుననే చెప్పాడు. గిడ్డమ్మకు మాత్రం నిజం చెప్పాడు. "వాటివి తీస్తి గదా. అవి మళ్లా పెట్టుకున్న దినం నేనూ పెట్టుకుంటా."

వానలు వచ్చాయి. మొండి నెత్తుల మీద ఎర్రటి చిగుళ్లు పగిలాయి. రెండేండ్లకు గట్టు మళ్లీ పచ్చనయింది, మంద నలభై దాటింది. దేవేంద్రప్ప మళ్లీ ఒడుగు పరాచికాలకు దిగాడు గానీ, వేరేవాళ్లు ఆ చెట్లను చూసి నవ్వితే మాత్రం ఊరుకునేవాడు కాదు. సుంకప్ప నున్నటి గుండుతోనే తిరిగేవాడు.

ఒక పొద్దున గిడ్డమ్మ అడిగేసింది. "చెట్లు మాట నిలబెట్టుకున్యాయి. నువ్వెప్పుడు పెంచుకుంటావు?"

ఆయన గట్టు చివరికి చెయ్యి చూపించాడు. అక్కడ ఒక మోడు నిలబడి ఉంది. "పదింటికి వచ్చింది గిడ్డీ. దానికి రాలేదు గదా" అన్నాడు. గుండు తడుముకుంటూ, "ఆపొద్దు నాగన్న అడిగితే ఎవురూ పోలేదంటి" అన్నాడు.

గిడ్డమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నెలకోసారి నాగన్న వచ్చినప్పుడు చెంబుతో నీళ్లు తెచ్చి మొగుని తల తానే తడిపేది.