షట్టర్ మీది తొమ్మిది

మందుల షాపు నడిపే పెద్దల్లుడికి ఎవరినైనా ఏదైనా అడగడమంటే చచ్చేంత నామోషీ. షాపుకొచ్చిన వాళ్లకు మాత్రం డాక్టరుని అడక్కుండా మాత్ర మింగొద్దని రోజంతా చెబుతాడు. దారి తప్పితే ఊరంతా చుట్టబెడతాడు గానీ కారాపి అడగడు. భార్యే పక్క సీటు అద్దం దించి, దారిన పోయేవాళ్లను మెల్లగా అడిగి, "ఆ కుడివైపు రోడ్డు బావున్నట్టుందండీ" అనడం అలవాటు చేసుకుంది.

అతనికున్న ఒకే ఒక్క సరదా, చిన్న చిన్న నమూనా బండ్లు తయారుచేయడం. మామగారు ఫైరింజను డ్రైవరుగా రిటైరయ్యారు. ఆయన డెబ్బై ఐదో పుట్టినరోజుకు ఆయన నడిపిన బండినే జానెడు పొడవున చేసి ఇవ్వాలనుకున్నాడు. మామగారిని రెండు ముక్కలు అడిగితే సగం పని తేలిపోయేది. అడిగితే ఇక ఆశ్చర్యపరచడం ఏముంటుందని తనకు తాను సర్దిచెప్పుకుని, అత్తవారింటి ఆల్బంలోని ఒక మసక ఫొటోని ఫోనులో తీసుకొచ్చుకున్నాడు. అందులో బండి పక్కకు తిరిగి ఉంది. నీళ్ల గొట్టాలు పెట్టే అరకు మడతల షట్టరు, దాని నడుమ పసుపు అంచు గడిలో తెల్లటి తొమ్మిది.

చక్రాలు కుదిరాయి, నిచ్చెన కుదిరింది. పేచీ అంతా తొమ్మిది దగ్గరే వచ్చింది. అలాంటి అంకెలను డెకాల్ అనే అంటింపు కాగితం మీద ముద్రిస్తారు. నీళ్లలో నానబెడితే కాగితం నుంచి పలుచటి పొర జారివస్తుంది, దాన్ని బండి మీదకు దింపాలి. నున్నటి తలుపు మీదైతే బుద్ధిగా కూర్చుంటుంది. షట్టరేమో గట్లు గట్లుగా ఉంది. పొర గట్ల మీద వంతెనలా నిలబడిపోయి, కింద గాలి చేరి వెండిరేకులా మెరిసింది.

అడక్కుండానే సలహాలిచ్చే చిన్నల్లుడు ఏదో పనిమీద ఇంటికొచ్చి చూశాడు. "బోర్డు తగిలించినట్టుంది అన్నయ్యా. బానే ఉందిగా, వదిలెయ్" అన్నాడు.

పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పొరను గీకి పారేసి, డెకాల్‌ను మెత్తబరిచే మందు తెప్పించాడు. కొత్తది దింపి, మందు రాయగానే పొర నీళ్లలో నానిన వేలి చర్మంలా ముడుచుకుపోయింది. కంగారుపడి వేలితో సర్దబోతే చిరిగి ఊరుకుంది. గాయానికి వేసిన పట్టీని గోకొద్దని వచ్చిన ప్రతివాడికీ చెప్పే మనిషి.

ఇంకో పొర దింపి, మందు రాసి, మళ్లీ వేలు చాపబోతుండగా, కూరగాయలు లేవంటూ భార్య బజారుకు లాక్కుపోయింది. తిరిగొచ్చేసరికి ముడతలన్నీ వాటంతట అవే అణిగి, పొర గట్ల మీదుగా గాడిలోకి దిగి కూర్చుంది.

"ఏం చేశారండీ?" అంది భార్య.

"ఏమీ చెయ్యలేదు" అన్నాడు నిజాయితీగా. క్షణమాగి, "ఎప్పుడు ఏమీ చెయ్యకూడదో తెలియాలి" అని కలిపాడు.

ఇంకా బిగుసుకుని ఉన్నచోట బ్లేడు మొనతో గాడి వెంట సన్నగా కోసి, మళ్లీ మందు రాసి, తడి దూదితో అద్దాడు. ఆఖరికి తొమ్మిది కుంచెతో రాసినట్టే కనిపించింది. పైన వార్నిషు పూసేశాడు.

పుట్టినరోజున మామగారు కళ్లజోడు పెట్టుకుని బండిని అటూ ఇటూ తిప్పి చూశారు. స్టీరింగు చూసి నవ్వారు, నిచ్చెన చూసి కళ్లు తుడుచుకున్నారు. షట్టరు దగ్గరకొచ్చి ఆగారు. గొంతు సవరించుకుని బావుందన్నారు.

అత్తగారు వంగి చూశారు. "ఇదేంటండీ, అంకె షట్టరు మీదే ఉంది? మీ బండికి షట్టరు ముందు రేకు పలక కదూ తగిలించేవాళ్లు?"

మామగారు ఆవిణ్ణి ఊరుకోమనేలోపే ఆవిడ వంటింట్లోకెళ్లి నీళ్ల డ్రమ్ము మీది మూత పట్టుకొచ్చారు. పసుపు అంచు, నడుమ తెల్లటి తొమ్మిది. బండి రిపేరుకెళ్లినప్పుడల్లా ఆ పలకను కొక్కేల నుంచి తీసి ఇంకో బండికి తగిలించేవాళ్లట. రిటైరైననాడు గుర్తుగా ఇచ్చారట. దాహమేసినప్పుడల్లా పెద్దల్లుడు ఎత్తి పక్కన పెట్టిన మూతే అది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అతను సరిచేసి తెస్తానని బండి అందుకోబోయాడు. మామగారు ఇవ్వలేదు.

"ఇంత కష్టపడి అతుక్కున్నదాన్ని మళ్లీ పీకడమెందుకు బాబూ? ఉండనీ."

అప్పటినుంచి అది టీవీ పక్కనే ఉంది. ఎవరొచ్చినా, "మా పెద్దల్లుడు చేశాడు. నా బండి కాదనుకోండి, కానీ నాదెప్పుడూ ఇంత శుభ్రంగా లేదు" అంటారు మామగారు. అల్లుడు పక్కనుంటే మింగలేక కక్కలేక నిలబడతాడు.

అలాగని పట్టు వదల్లేదు. రెండో బండి మొదలుపెట్టాడు, ఈసారి అడిగి మరీ. కొక్కేలకు రంగుందా, అద్దం ఏ వైపు, మెట్టు మీద రబ్బరుండేదా అంటూ పొద్దస్తమానం ఫోను. వారం తిరక్కుండానే మామగారికి తలప్రాణం తోకకొచ్చింది. ఫోను మోగగానే నిద్రపోయానని చెప్పమని భార్యకు సైగ చేశారు.

"మీ మామగారు పడుకున్నారు బాబూ" అన్నారు అత్తగారు.

"పర్లేదత్తయ్యా, మీరైనా చెప్పండి. ఆ మూత ఎంత మందం ఉంటుంది?"

అత్తగారు కళ్లు గట్టిగా మూసుకున్న భర్త వంక ఓసారి చూసి, స్కేలు వెతకడానికి లేచారు.