కుడి బుగ్గ మీది మచ్చ

1972. అరకు లోయలోని ఒక చిన్న చర్చికి రంగుటద్దాల కిటికీ చేసే పని మా విశాఖ షాపుకు వచ్చింది. ముందు ఏడాది యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి సిపాయి జ్ఞాపకార్థం అది. శవం ఇంటికి రాలేదు. తల్లి మరియమ్మ తన దగ్గరున్న ఒక్క ఫోటో మాకిచ్చి, "సర్చికొచ్చినపుడల్లా మా గుంటడి మొకం సూసుకుంటాను బాబూ" అంది.

గాజు కోయడం, ముక్కలను లెడ్ కేమ్‌లో, అంటే గాడి ఉన్న సీసపు పట్టీలో బిగించడం నా పని. బొమ్మ గీసేది శామ్యూల్. మద్రాసులో నేర్చుకొచ్చాడు. ఫాదర్‌గారికి అతను ఆర్టిస్టుగారు, నేను అద్దాలబ్బాయిని. కాఫీ కూడా ముందు అతనికే. వేళ్లు కోసుకునేది నేను, పేరు అతనికి. ఒళ్లు మండిపోయేది.

ముఖం గీసిన రోజే చూశాను. ట్రేసింగ్ కాగితం తిరగబడి, కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమకు వచ్చింది. కొలిమిలో కాల్చి రంగును గాజుకు పట్టించకముందు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, మళ్లీ గీయొచ్చు. ఒక్క మాట చెబితే చాలు. నేను చెప్పలేదు. నలుగురిలో అతని పరువు పోవాలని కోరుకున్నాను.

అలాగే అయింది. కిటికీని ప్రార్థనతో ప్రారంభించే రోజు మరియమ్మ దగ్గరికెళ్లి చూసింది.

"ఈడెవుడు? మా గుంటడికి మచ్చ ఈపక్క లేదు" అంటూ కూలబడింది.

శామ్యూల్ తల దించుకున్నాడు. నిజం చెప్పాలంటే, నాకు హాయిగా అనిపించింది.

"రెండు నెలల్లో మళ్లీ చేసి తెస్తానమ్మా" అన్నాడతను.

"అందాకా ఈ పరాయోడ్ని సూడమంటావా?" అంది.

"నేను ఇప్పుడే సరిచేస్తాను" అని ముందుకొచ్చాను. ముఖం ముక్క కోడిగుడ్డు ఆకారంలో ఉంది, వెనక్కి తిప్పినా అదే గాడిలో పడుతుంది. శామ్యూల్ నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు, అన్నా. రంగు ఎప్పుడూ లోపలివైపే ఉండాలి. మన కొలిమిలో అది సరిగా కాలలేదు కూడా. వానకు నిలవదు."

విననట్టే సీసపు పట్టీ విప్పి ముక్కను తిరగేసి బిగించాను. మచ్చ కుడికి వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. శామ్యూల్ ఆ నెలలోనే షాపు మానేశాడు.

నాలుగేళ్ల తర్వాత అదే చర్చిలో వేరే కిటికీకి పగిలిన అద్దం మార్చడానికి వెళ్లాను. సిపాయి యూనిఫాం పచ్చగా నిగనిగలాడుతోంది. ముఖం ఉండాల్సిన చోట వానలకు రంగంతా పోయి ఉత్త గాజు. మేం తిరిగిచ్చిన ఫోటోను ఇంట్లో ఎప్పుడో చెదలు తినేశాయట.

మరియమ్మ నన్ను గుర్తుపట్టింది. "నువ్వే గదా మచ్చ సరిసేసినావు. ఆ మద్రాసోడికి సేతకానిది నువ్వు సేసినావు బాబూ" అంది.

నేను అన్నాళ్లూ కోరుకున్న మాట అదే.

తోటివాడి పనిలో తప్పు కనబడితే కొలిమికి పోకముందే చెప్పాలని, అప్పటినుంచి నా దగ్గర పని నేర్చుకునే ప్రతివాడికీ చెబుతున్నాను. ఆమెకు చెప్పాల్సింది మాత్రం చెప్పలేకపోయాను.