మారుతికి కట్టిచ్చిన ముడి

కరోనా తగ్గిన మరుసటేడు, వానలు పోయినంక జరిగింది బిడ్డా. నేను చెప్పినట్లె రాయి. బీదర్‌ల మన దుకాణం నీకు ఎరికె గని సదివేటోళ్లకు ఎరిక కాదు గద. వలలు, గాలాలు, దారాలు అమ్ముతం. కారంజా డ్యామ్ కాడికి పోయేటోళ్లు మన దగ్గరనె కొంటరు. సముద్రమైతె నేను ఇప్పటిదాంక చూడలె.

జనవాడ ఊరి మారుతి లారీ నడుపుతడు. సరుకు దింపనీకె కార్వార్ సముద్రం దిక్కు పోతుండె. అక్కడ బండల మీద నిలబడి గాలమేసేటోళ్లను చూసి వానికి షోకు పుట్టింది. ఓ పొద్దుగాల రాడ్ పట్టుకొని వచ్చిండు, బ్రేడుకు లీడర్ కట్టియ్యి పెద్దమ్మా అని.

బ్రేడ్ అంటె సన్న పోగులు అల్లిన దారం. కుట్టుదారం లెక్కనె ఉంటది గని ఎంత గుంజినా సాగది. బండకు రాసుకుంటె మాత్రం కోసుకపోతది. గందుకె దాని కొసకు బారెడు పొడుగు మందం నైలాన్ కడ్తరు, అది లీడర్. మామూలు ముడేస్తె సన్నది మందందాని మీద జారిపోతది. ఇటొక చుట్టు, అటొక చుట్టు, ఇరవైసార్లు అల్లాలె. గట్ల అల్లితె గుంజినకొద్ది కొరికి పట్టుకుంటది.

మంచిగనె అల్లిన. ఆఖరుకు, నైలాన్ ముడికి ఎప్పుడు చేసినట్లె, దేవుని పటం కాడి అగర్‌బత్తి తీసి కొసను కాల్చిన. నైలాన్ అయితె కరిగి చిన్న గుండు లెక్క గట్టిపడ్తది, ముడి జారది. నలభై ఏండ్ల అలవాటు, చెయ్యి దానంతటదె పోయింది. సొరచేపను తెచ్చి నీ కౌంటర్ మీద పెడ్త అనుకుంట పోయిండు మారుతి.

మూడో దినం ఇంకో గిరాకి, గీ ముడి ఆగుతదా అని అడిగిండు. మిగిలిన బ్రేడ్ ముక్కకు అట్లనె అల్లి, అట్లనె కాల్చి, షట్టర్ కొండికి తగిలిచ్చి గుంజిన. కాల్చిన కాడ పుటుక్కున తెగింది. నేను ఎల్లకిల పడ్డ. నడుము నొప్పి తెల్వలె, మారుతి నిలబడే బండనె కండ్ల ముందట. బ్రేడ్ వేడికి ఓర్వది బిడ్డా, నైలాన్ కంటె ముందె కరుగుతది.

ఫోన్ చేస్తె స్విచ్ ఆఫ్. వాని పెండ్లాం సునందకు చేసిన. పొద్దుగాలనె బండల మీదికి పోతున్న అని చెప్పిండట. ఎందుకు అడుగుతున్నవని గుచ్చి అడిగింది. దాచలేక చెప్పిన.

సునంద మెల్లగ అన్నది, "అత్తమ్మా, ఆయనకు ఈత రాదు."

ఆటో ఎక్కి దుకాణానికి వచ్చింది. నడిమిట్ల ఫోన్ పెట్టుకొని కూసున్నం. చాయ్ చల్లారింది, ఎవ్వలం ముట్టలె. ఫోన్ మోగినప్పుడల్ల ఇద్దరం ఒక్కసారె చెయ్యి చాపుడు, చూస్తె ఇంకెవలో.

రెండు గంటలకు వాడె చేసిండు. చార్జింగ్ అయిపోతె లారీ కాడికి వచ్చి పెట్టుకున్నడట.

"పెద్దమ్మా, గంత పెద్ద చేప పడ్డది, నీ ముడి గూడ ఆగలె. ఎనకకు పడి రెండు బండల నడుమ ఇరుక్కున్న. మోచెయ్యి పగిలింది. ఇరుక్కోకుంటె నీళ్లల్లకె పోతుంటి."

నవ్వుతుండు వాడు. సునంద నా మొఖం దిక్కె చూస్తాంది. నేను ఊకుంటె అయిపోతుండె, తప్పు చేప మీదికి పోతుండె. గని మళ్లొక ముడి కట్టుకొని వాడు అదే బండ ఎక్కుతడు గద.

"చేప కాదు మారుతి. కొస కాల్చి దారం నేనె ఖరాబ్ చేసిన."



"అంటె చేప చిన్నదేనా పెద్దమ్మా?" అన్నడు.

సునంద ఫోన్ గుంజుకున్నది. తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టి, అప్పుడు ఏడ్చింది.

గా దినం సంది కొత్త రకం దారం ఏది వచ్చినా, మొదలు నేను తెంపి చూస్త, ఆ తర్వాతనె అమ్ముత. ఎవలన్న సముద్రానికి పోతున్న అంటె ముడి అల్లేటప్పుడు ఇప్పటికి చేతులు వణుకుతయ్. వణకనీ బిడ్డా. సముద్రానికి పోయేటోళ్లకు వణకకుండ కట్టింది మారుతి ముడి ఒక్కటె.