బ్రేకు పట్టుకున్న అవ్వ

రెండు వేల ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తు లేదు. చిత్తూరు బస్టాండులో బస్సు పైనుంచి నా గేర్ల సైకిలు దించేసరికి ముందు చక్రం తిరగనంటోంది. దారిలో ఏదో తగిలి, చక్రం మధ్యలో ఉండే డిస్కును పట్టే బ్రేకు ఒక పక్కకు ఒరిగిపోయింది. దాని బోల్టులు రెండూ వదులు చేసి, హ్యాండిలు దగ్గర బ్రేకు నొక్కిపట్టి, అలా పట్టి ఉండగానే మళ్లీ బిగించాలి. నాకేమో చేతులు రెండే.

పక్క బెంచీ మీద చింతపండు మూటతో కూర్చున్న ఒక అవ్వ నా తంటాలు చూసి లేచి వచ్చింది.

"యాడికి పోతావబ్బా దీనిమింద?"

"కొండల్లోకవ్వా."

"యాడ పట్టుకోవాల్నో సూపీ."

చూపించాను. "నేను చెప్పేదాకా ఇడిసిపెట్టొద్దవ్వా" అన్నాను. రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

ఒక బోల్టు బిగించానో లేదో, "పుత్తూరు, పుత్తూరు" అని కండక్టరు కేక. అవ్వ తల తిప్పి చూసింది. ఆమె ఎక్కాల్సిన బస్సు అదే.

"నువ్వు పో అవ్వా, నేను సూసుకుంటా."

"ముందు బిగించు నాయనా. పుత్తూరుకి ఇంకో బస్సొస్తాది. నీది కొండదోవ."

బస్సు వెళ్లిపోయింది. రెండో బోల్టు కూడా బిగించి, "ఇంక ఇడిసిపెట్టవ్వా" అన్నాను. అప్పుడు వదిలింది. అరచేతిలో ఎర్రగా గీత పడి ఉంది. చక్రాన్ని తనే ఒకసారి తిప్పి చూసుకుని, వెళ్లి మూట పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఆ పనికి హ్యాండిలునూ బ్రేకునూ కలిపి రబ్బరు బ్యాండు వేస్తాను. "ఇంక ఇడిసిపెట్టవ్వా" అనకుండా మాత్రం ఇంతవరకు దాన్ని తీయలేదు.